కడిగిన కుండలు

పోయిన వారం మనం పరిశోధకురాలిని ఫ్రీజరు తలుపు ముందు, చేతిలో ఖాళీ సీసాతో వదిలి వచ్చాం. సీసా మీద ఆమె చేతిరాతే ఉంది: నల్లవేరు, ఒకటో దఫా. అడుగున అంటుకున్న గోధుమరంగు చారికను కూడా గీకి, కరిగించి, ఆఖరి పరీక్ష చేసేసింది. ఆమె అక్క కాలిని పిక్క నుంచి పైకి తినుకుంటూ వస్తున్న క్రిమి, ఆసుపత్రిలోని మందులన్నీ వరసగా ఎక్కించినా లొంగని క్రిమి, గాజుపళ్ళెంలో ఆ బొట్టు చుట్టూ బొటనవేలంత మేర బతకలేకపోయింది. మందు ఉన్నదని రుజువైంది. రుజువు కావడంతోనే అయిపోయింది.

ఆ తర్వాత వచ్చిన పందొమ్మిది దఫాల వేర్లలో ఒక్కటీ పని చేయలేదు. అదే మొక్క, అదే కొండవాలు, తవ్వి తెచ్చింది అదే చేయి. రెండేళ్ళుగా ఆమెను తొలుస్తున్న ప్రశ్న అది. ఇప్పుడు దానికి గడువు కూడా వచ్చింది. ఎనిమిది రోజులు ఆగగలనని సర్జన్ చెప్పాడు. కుళ్ళిన మాంసాన్ని కోస్తూ, కడుగుతూ ఆగుతాడు. ఈలోగా ఆమె ఆ పదార్థాన్ని మళ్ళీ తీసి, తూచి, శుద్ధి చేసి తెస్తే, ఎలుకల గాయాల మీద హాని చేయలేదన్న పాత కాగితాలు చూపి ఆసుపత్రి కమిటీ చేత సంతకం పెట్టించి, గాయం మీద పోస్తాడు. తేలేకపోతే తొమ్మిదో రోజున మోకాలి పైన కోస్తాడు. అక్క దర్జీ. ముప్పై ఏళ్ళుగా కుట్టుమెషిను తొక్కిన కాలు అది.

రోడ్డు పని దగ్గర పొడుచుకొచ్చిన ఇనుపచువ్వ పిక్కను చీల్చిన ఆరు రోజులకు గానీ అక్క ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ ఆరు రోజులూ ఏం వెలగబెట్టావని ఆమె వార్డు వరండాలో పదిమంది ముందు బావను నిలదీసింది. బావ తల దించుకుని, "నా తల్లో మెదడుందని ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాడు. ఆ జవాబు ఆమెకు ఇంకా మంటగానే ఉంది.

ఇక అడగవలసిన మనిషి ఒకరే మిగిలారు. ఆమె ఇప్పుడు ఆ మనిషి దగ్గరికే బస్సులో వెళ్తోంది.

మధ్యాహ్నపు బస్సులో జనం లేరు. కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయి, పైకీ కిందికీ కదలనంటోంది. ఫోను మోగింది.

"ఏమ్మా సీసా, ఎక్కడున్నావ్?" బావ గొంతు. చిన్నప్పుడు ఖాళీ సీసాల్లో రంగునీళ్ళు కలుపుతూ కూర్చునేదని అక్క పెట్టిన పేరు అది. ఆమె పేరు ముందు ఎన్ని అక్షరాలు చేరినా ఇంట్లో మాత్రం సీసాయే.

"బస్సులో. అక్క ఎలా ఉంది?"

"అలాగే ఉంది. జ్వరంలో కొలతలు చెబుతోంది. ఛాతీ ముప్పై ఎనిమిదట. ఎవరిదో మరి. నాదైతే కాదు, నాకెప్పుడూ మిగిలిన గుడ్డే కదా. స్నానం చేసి వద్దామని ఇంటికొచ్చా. నాలుగింటికి వార్డు తుడుస్తారుగా, ఎలాగూ బయటికి తోలేస్తారు."

"తుడవనీ. తలగడ, మంచం, కింద గచ్చు, అన్నీ మందునీళ్ళతో తుడవమని నిన్ననే నర్సుకి గట్టిగా చెప్పా."

"విన్నాం. వీధి చివరి వరకూ వినబడింది." అతను కాస్త తటపటాయించాడు. "ఇంకోటి. గుండీల కుండ తెచ్చిపెట్టమని ఒకటే గొడవ చేస్తోంది మీ అక్క. మెషిను పక్కన ఉంటుంది చూడు, ఆ మసి కుండ. చేతికి గుండీలు తగిలితే దానికి కాస్త స్థిమితంగా ఉంటుందనుకుంటా."

"వార్డులోకి మసి కుండా? బావా, నీకసలు..." అనబోయిన మాటను మింగింది. "తేవాలనే ఉంటే గుండీలన్నీ తీసి మరిగే నీళ్ళలో వెయ్యి. కుండని సబ్బుపెట్టి తోము. లోపలా బయటా. ఒక్క మరక మిగలకూడదు."

"చిత్తం. పెళ్ళికొడుకుని చేసినప్పుడు నన్ను కూడా ఇంతలా తోమలేదు."

ఆమెకు నవ్వు రాలేదు. ఫోను సంచిలో పడేసి, కదలని అద్దం వైపు చూస్తూ కూర్చుంది. తొమ్మిది రోజులుగా ఆమె చేయగలిగిన పని అదొక్కటే: కడగమని, తుడవమని, ఉడకబెట్టమని అందరికీ చెప్పడం. మనిషి చేతిలో ఏమీ లేనప్పుడు కనీసం చేతులైనా శుభ్రంగా ఉండాలనుకుంటుంది కాబోలు.

*

వేర్ల అత్త ఇల్లు చిల్లుపడిన రేకు డబ్బాలకు మాటువేసే వాళ్ళ వీధిలో చివరిది. ముందు గది అంతా అరలు. అరల మీద తాళ్ళతో కట్టిన కట్టలు, బెరళ్ళు, గుడ్డమూటలు. వెనక గది చీకటి. ఒకప్పుడు ఆ గుమ్మంలో అడుగుపెడితే వాన వెలిసిన తర్వాత తెరిచిన పాత పుస్తకంలాంటి వాసన వచ్చేది. ఇప్పుడు సోడాపొడి వాసన వస్తోంది.

అత్త నేల మీద కూర్చుని బెరడు చీరుతోంది. తలెత్తలేదు.

"ఏమే, దారి తప్పావా?"

"నిన్ను చూద్దామనే వచ్చానత్తా."

"రెండేళ్ళకి చూడబుద్ధయిందన్నమాట. కూర్చో. కుర్చీ తుడిచే ఉంది, నీకు పనికొస్తుంది."

ఆమె కుర్చీని వదిలి నేల మీదే కూర్చుంది. తండ్రికి ఒక్కగానొక్క తోబుట్టువు ఈ మనిషి. వేళ్ళు వేర్లలాగే ముడులు పడి ఉంటాయి. గోళ్ళ కింద ఎప్పటికీ వదలని మట్టి.

"ఆసుపత్రికి పొద్దునే వెళ్ళొచ్చా," అంది అత్త. "లోపలికి రానివ్వలేదు. చేతులు చూపించమన్నారు. చూపించా. ఈ చేతులతోనా అన్నారు. వేరేవి లేవమ్మా అని చెప్పి వచ్చేశా."

"అత్తా, నాకు టైము లేదు. ఒక్కటి గుర్తు తెచ్చుకో. మొట్టమొదట నువ్వు నాకిచ్చిన పొడి. పాత చీరముక్కలో మూటగట్టి ఇచ్చావు, నేను పరీక్షలకి చదువుతున్నప్పుడు. ఆ వేరు ఎక్కడ తవ్వావు?"

"ఎప్పుడూ తవ్వే చోటే."

"ఏ నెలలో?"

"వానలు ఆగాక. ఎప్పుడూ ఆగాకే."

"ముదురు వేరా, లేతదా? పువ్వు పూశాకా, ముందా? నీడలో ఉన్న మొక్కా?"

అడుగుతూనే ఆమె నోటుపుస్తకం తీసింది. అత్త ఒక్కో ప్రశ్నకూ ఒక్కో మాటతో జవాబిచ్చింది. ప్రతి జవాబూ "ఎప్పటిలాగే" అన్న మాట దగ్గరికే వచ్చి ఆగింది. పుస్తకంలో ఆరు ప్రశ్నల ఎదుట ఒకటే మాట ఆరుసార్లు పడింది. ఆమె పెన్ను ఆగిపోయింది.

"అయితే ఏదీ మారలేదా? అన్నీ అవేనా?"

"వేరు అదే," అంది అత్త. చేతిలోని కత్తిని పక్కన పెట్టింది. "కుండలు అవి కావు."

"అంటే?"

అత్త గడ్డంతో పై అర వైపు చూపించింది.

అర మీద కుండలు వరసగా ఉన్నాయి. పదకొండు. కొత్త ఇటుకల రంగులో, మెరుగు పెట్టినట్టు మెరుస్తున్నాయి. వాటిని చూసి ఒకప్పుడు ఆమె ఎంత సంతోషపడిందో ఆమెకే గుర్తుంది. వాటి పక్కన గోడ మీద ప్లాస్టిక్ తొడుగులో ఒక కాగితం: నల్లవేరు సేకరించువారు పాటించవలసిన పదకొండు నియమములు. కింద ఆమె సంతకం.

ఆమెకు ఆ కాగితం పుట్టిన రోజు గుర్తొచ్చింది. ముడిసరుకు శుభ్రంగా లేదని, ప్రమాణం లేదని సంస్థ పెద్దలు మందలించారు. నిజమే అనిపించింది. బూజు పట్టిన వేర్లతో చేసిన పరీక్షను ఎవరు నమ్ముతారు? ఒక్క సాయంత్రం కూర్చుని పదకొండు నియమాలు రాసి, స్వయంగా తెచ్చి ఈ గోడకు అంటించింది. వేరును మూడు నీళ్ళలో కడగవలెను. ఎండలో ఆరబెట్టవలెను. కుండలను సోడానీళ్ళలో ఉడికించి, లోపలి మరకలు పోవువరకు రుద్దవలెను.

"అంతకుముందు ఎలా చేసేదానివి?" అని అడిగింది.

"చిన్నప్పుడు చూశావుగా. నువ్వు చూడలేదులే, సీసాలతో ఆడుకున్నావు. మీ అక్క చూసింది." అత్త తన చేతుల వైపు చూసుకుంటూ చెప్పింది. "తవ్వినదాన్ని కడగను. మట్టి దులిపి పచ్చిదే కుండలో పెడతా. తడిగుడ్డ కట్టి, మూత పెట్టి, వెనక గదిలో మగ్గబెడతా. అయిదో రోజుకి బూడిద చల్లినట్టు పూత వస్తుంది. తొమ్మిదో రోజుకి వేరంతా నూగు. అప్పుడు నీడలో ఆరేసి దంచుతా. ఆ కుండలు నీళ్ళ మొహం ఎరగవు. మా అత్తగారు నా చేతికిచ్చినప్పుడు ఒకటే చెప్పింది, కుండ కడగొద్దని. ఎందుకని నేనూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆవిడకి మాత్రం తెలుసేంటి?"

పరిశోధకురాలి తలలో రెండేళ్ళ పని తనంతట తానే తిరగబడి, మొదటి పుట నుంచి మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టింది. పందొమ్మిది దఫాల మౌనానికి అర్థం ఒకటే. వేరు ఒక్కటే మందు కాదు. ఆ బూజు ఒక్కటే మందు కాదు. ఆ వేరును తిని బతికే ఆ బూజు, తన తిండిని క్రిములు దోచుకోకుండా ఒక విషాన్ని కాపలా పెట్టుకునేది. ఆ కాపలాయే ఒకటో సీసాలో ఉన్నది. అదే ఇన్నాళ్ళుగా మనుషుల గాయాలను కాచింది. కుండల మట్టిలో, కంటికి కనిపించని సందుల్లో, ఆ బూజు ఒక చేతి నుంచి మరో చేతికి నడిచివచ్చింది. దాన్ని ఆమె మరక అని పిలిచింది.

తెలుసుకోవడమంటే విడదీయడమని ఆమె నమ్మింది. మట్టిని వేరు నుంచి, వేరును నీటి నుంచి, నిజాన్ని నమ్మకం నుంచి. విడదీయగా విడదీయగా మిగిలేదే సత్యమనుకుంది. మిగిలింది పందొమ్మిది సీసాల శుభ్రమైన పొడి. తెలియక చేసిన తప్పుకు క్షమాపణ ఉండవచ్చు. తెలుసుననుకుని చేసినదానికి ఎవరిని అడగాలి?

"మళ్ళీ రాదా?" అంది. "పచ్చి వేరు తెచ్చి, కడగకుండా పెడితే? ఇప్పుడే పెడితే?"

"ఆర్నెల్లు చూశానే. నీకు చెప్పలేదు. నీ కాగితానికి విరుద్ధం కదా. వెనక గదిలో దొంగపని చేసినట్టు చేశా. పచ్చబూజు వచ్చింది. నల్లది వచ్చింది. ఒకసారి పురుగు పట్టింది. ఆ బూడిదపూత మాత్రం రాలేదు."

"ఆర్నెల్లు!" ఆమె మోకాళ్ళ మీదకు లేచింది. "ఆర్నెల్ల నుంచి నీకు తెలుసా? రెండేళ్ళుగా నేను తల గోడకేసి కొట్టుకుంటున్నా, మట్టిని పరీక్ష చేశాను, వానల లెక్క తీశాను, కొండంతా తిరిగాను. ఒక్క మాట చెప్పలేకపోయావా అత్తా?"

"చెప్పా."

"ఎప్పుడు?"

"ఈ కాగితం అంటించావు చూడు, ఆ రోజే. నువ్వు కుర్చీ ఎక్కి నిలబడ్డావు. బూజు తీసేస్తే ఇంక మందెక్కడుంటుందే అని అడిగా. నువ్వు నవ్వావు." అత్త గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. "ఒకసారి చెప్పా. రెండోసారి చెప్పడానికి నాకు చదువు లేదమ్మా."

ఆమెకు గుర్తొచ్చింది. నవ్వడమే కాదు, రాసుకుంది కూడా. సంచిలో ఉన్న ఈ పుస్తకంలోనే, వెనక పుటల్లో, "నమ్మకాలు" అన్న శీర్షిక కింద: బూజులోనే మందు ఉంటుందని సేకరణకర్త అభిప్రాయం. తను వెతుకుతున్న జవాబును రెండేళ్ళుగా తన సంచిలోనే మోస్తూ తిరిగింది. దాన్ని చదవవలసిన పుటలో కాక వేరే పుటలో రాసుకుంది, అంతే.

"పోనీలే," అంది అత్త. "కుండలు పోయినందుకు నేనేడవడం లేదు. చెప్పాల్సింది వేరే ఉంది."

ఆమె తలెత్తింది.

అత్త చీరచెంగుతో ముఖం తుడుచుకోలేదు, దించుకోనూ లేదు. ఎదురుగా చూస్తూనే చెప్పింది. "మీ అక్కకి దెబ్బ తగిలిన రోజు సాయంత్రం ఇక్కడికే వచ్చింది. మీ బావ పట్టుకొచ్చాడు. ఎముక కనబడుతోంది. ఆసుపత్రికి పోవే అన్నా. వింటేనా? నీ పొడి ఉండగా ఆసుపత్రెందుకత్తా, మా సీసా దీని మీదే కదా అన్ని కాగితాలు రాసింది అంది. ఆరు రోజులు నేనే కట్టా. ఈ కుండల్లో పొడి. కడిగిన పొడి."

గదిలో ఎక్కడో ఒక కట్ట తాడు సడలి, బెరడు ఒకటి జారి నేల మీద పడింది. ఇద్దరూ అటు చూడలేదు.

"నాకు లోపల అనిపిస్తూనే ఉంది," అంది అత్త. "ఇది పాత పొడి కాదు, కాదు అని. కానీ గోడ మీద నీ సంతకం ఉంది. చదువుకున్న పిల్ల తప్పు రాస్తుందా అనుకున్నా. నా చేతుల కంటే నీ చేతిరాతని నమ్మా. మూడో రోజుకి వాసన మారింది. అప్పుడైనా పంపాల్సింది. ఇంకొక్క రోజు చూద్దామనుకున్నా."

"బావ... బావ నాతో చెప్పలేదు."

"చెప్పొద్దని మీ అక్క ఒట్టేయించుకుంది. సీసా మందు పని చెయ్యలేదని సీసాకి తెలిస్తే అది బతకదు అందట."

పరిశోధకురాలికి వరండాలో తల దించుకున్న బావ కనిపించాడు. నా తల్లో మెదడుందని ఎవరు చెప్పారమ్మా నీకు? ఆ మాట జోకు కాదు. అది తలుపుకు అడ్డంగా నిలబడిన మనిషి వీపు. దాని వెనక ఏముందో ఆమెకు కనబడకుండా తొమ్మిది రోజులుగా అతను అలా నిలబడే ఉన్నాడు.

ఆమె ఏడుస్తుందని అత్త అనుకుంది కాబోలు, ముడులు పడ్డ చేతిని ముందుకు చాచి, మధ్యలోనే ఆపేసింది. పొద్దున ఆసుపత్రిలో ఆ చేతులను తిప్పి పంపారు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది. మట్టి వాసన. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా ఎక్కడో కొంత సమయం మిగిలి ఉండాలి.

అలా వంగి ఉన్నప్పుడే ఆమె చూపు మళ్ళీ అర మీద పడింది. పాత చెక్క. కుండలు ఏళ్ళ తరబడి ఒకేచోట కూర్చోవడంతో ఒక్కోదాని కిందా గుండ్రంగా అరిగిన గుంట. పదకొండు కుండలు. చివర గోడ పక్కన ఇంకో గుంట ఉంది. ఖాళీగా.

"అత్తా, అక్కడ పన్నెండోది ఏది?"

"ఏ పన్నెండోది?"

"ఆ చివర. అక్కడ కుండ ఉండేది. చెక్క అరిగింది చూడు."

"అదా? అది లేదు. నువ్వు కాగితం అంటించక ముందే ఇచ్చేశా. మూతి కాస్త పెచ్చు ఊడిందది. పనిలో ఉన్నన్నాళ్ళూ బాగానే మగ్గేది. మీ అక్కకి దాని వాసనంటే మహా ఇష్టం, పట్టుకుపోతానంది. తీసుకుపో అన్నా."

"అక్క దాన్ని ఏం చేసింది?"

"ఏం చేస్తుంది? గుండీలు వేసుకుంది."

ఒక్క క్షణం ఆమెకు ఆ మాట వినబడింది గాని అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. బస్సులో తను అన్న మాటలు, తన గొంతుతోనే, ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. సబ్బుపెట్టి తోము. లోపలా బయటా. ఒక్క మరక మిగలకూడదు.

సంచిలో చేయి పెడితే ఫోను దొరకలేదు. సంచిని నేల మీద బోర్లించింది. నోటుపుస్తకం, టిక్కెట్టు, తాళాలు, ఫోను. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి బావ ఎత్తాడు. అతని మాట కంటే ముందు నీళ్ళ చప్పుడు వినిపించింది.

"ఉండు సీసా, చేతినిండా నురగ..."

"బావా, కుళాయి కట్టెయ్."

"ఏంటీ?"

"కట్టెయ్! కుండ కింద పెట్టు. ఇంక ముట్టుకోకు."

నీళ్ళ చప్పుడు ఆగింది. "పెట్టా. ఏమైంది? నీ గొంతేంటి అలా ఉంది?"

"కుండ లోపల కడిగావా?"

బావ ఏ ప్రశ్నకైనా ముందు జోకు చెప్పి తర్వాత జవాబు చెప్పే మనిషి. ఈసారి జోకు రాలేదు.

"నువ్వే కదమ్మా చెప్పావు," అన్నాడు. "వేడినీళ్ళు పోసి, పీచుతో రుద్ది, మళ్ళీ వేడినీళ్ళు పోశా. మూడుసార్లు. లోపల ఇప్పుడు అన్నం పెట్టుకుని తినొచ్చు."

ఆమె చేతిలోంచి ఫోను జారలేదు. వేర్ల అత్తే అందుకుంది. ఆ మనిషి జీవితంలో ఫోను పట్టుకున్నది తక్కువ. నోటికి దూరంగా పెట్టుకుని, దూరాన ఉన్నవాణ్ణి పిలిచినట్టు అరిచింది.

"అబ్బాయ్! దాని మూతేదీ?"

"మూతా?"

"కుండకి మూత ఉండాలి. మట్టిది. గుండ్రంగా, పళ్ళెంలా. లోపలివైపు బూడిదరంగు. అదీ తోమావా?"

బావ గొంతు తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడిదైంది.

"సీసాకి చెప్పకండత్తా," అన్నాడు బావ మెల్లగా. ఆమె పక్కనే ఉండి వింటోందని మర్చిపోయినట్టున్నాడు. "నిన్న సాయంత్రమే ఆ మూతలో నాలుగు గుండీలు వేసి పట్టుకెళ్ళా. కుండైతే నర్సు కంట పడుతుందని. దాని తలగడ కింద పెట్టా. రాత్రంతా వాటిని తడుముకుంటూనే ఉంది. కడగలేదు. తిడతారని తెలుసు. కానీ కడిగితే మూతకున్న ఆ వాసన పోతుందని, కడగొద్దని ఏడ్చింది."

పరిశోధకురాలు లేచి నిలబడింది. తలగడ కింద. ఒక మట్టిమూత, లోపలివైపు అరచేతి వెడల్పు బూడిదరంగు, నీళ్ళు తగలనిది. దాన్ని ప్రయోగశాలకు చేర్చి, పచ్చి వేరు మీద రుద్ది, వెచ్చగా పెడితే తొమ్మిది అక్కర్లేదు, ఆరు రోజులు చాలు. సర్జన్ దగ్గర ఎనిమిది ఉన్నాయి. మొదటిసారి లెక్క కుదిరింది.

ఆ తర్వాత ఆమె గోడ వైపు చూసింది. పదకొండు నియమాల కాగితం పక్కన అత్త గడియారం. నాలుగు కావడానికి అయిదు నిమిషాలు. ఇక్కడి నుంచి ఆసుపత్రికి బస్సులో నలభై.

అత్త చేతిలోంచి ఫోను లాక్కుని వార్డు నంబరు నొక్కింది. రెండుసార్లు మోగగానే ఎవరో ఎత్తారు. నిన్న ఆమె గట్టిగా చెప్పిన నర్సే.

"అమ్మా, పదకొండో మంచం..."

"తెలుసండీ, మీ గొంతు గుర్తుపట్టా," అంది నర్సు, కాస్త నొచ్చుకున్న గొంతుతోనే. "మీరు కంగారు పడకండి. ఇవాళ కాస్త ముందుగానే, మీ మంచంతోనే మొదలుపెట్టించా. తలగడ కింద ఏదో మట్టిపెంకు దొరికిందట, బూజు పట్టి. ఆయా మందునీళ్ళ బకెట్టు దగ్గరికి పట్టుకెళ్ళింది."